బాణం ఉంటాడా, వెళతాడా

మే 19

అక్కా,

ఆఖరి మ్యాచ్ రేడియోలో విన్న రోజు పోయిన గొంతు ఇంకా రాలేదు. క్రేన్ మీది నుంచి కిందివాళ్లకి చేతులూపి సంగతులు చెబుతున్నాను. "ఏం ఆపరేటరుగారూ, ఎవరిమీద అలిగారు?" అని నవ్వుతున్నారు.

మూడో స్థానం అక్కా! పోయినేడు పదకొండు, ఈ ఏడు మూడు. మన ఫుట్‌బాల్ క్లబ్బు వేసిన గోల్స్ నలభై ఒకటి. అందులో మన ఫార్వర్డు బాణం ఒక్కడివే ఇరవై ఆరు. హాస్టల్లో నా పక్క మంచం వెల్డరుకి ఈ లెక్క పొద్దునా సాయంత్రం అప్పజెబుతున్నాను. వాడిది ఈ పోర్టు టీము, దానికి గెలుపు రుచే తెలీదు. "మీది టీమంటార్రా? ముందు ఒకడు పరిగెత్తుతుంటే వెనక పదిమంది ఊరేగింపు" అంటాడు. అననీ. ఊరేగించుకోవడానికి మాకు ఒకడున్నాడు, వాళ్లకి వాడూ లేడు.

ఇక అసలు విషయానికొస్తా. వేసవి ట్రాన్స్‌ఫర్ల గురించి పేపర్లో రోజుకో పుకారు. ఇంకో ఫార్వర్డు పొడుగుని అమ్మేస్తున్నారట, నిజమా? అమ్మితే అమ్మనీ. బాణం పక్కన పొడుగు నిలబడినా ఒకటే, గోలుపోస్టు నిలబడినా ఒకటే, రెండూ కదలవు. బాణం కదులుతున్నాడంటే మాత్రం నాకు ముందు చెప్పు. వాళ్లందరి బట్టలూ ఉతికేదానివి, నీకు తెలిసినంత పేపరువాళ్లకేం తెలుసు.

బావకి నేను పంపిన కళ్లజోడు టీము బస్సు తోలేటప్పుడు పెట్టుకోవడానికని చెప్పు, పెట్టెలో దాచుకోవడానికి కాదు.

నీ తమ్ముడు

మే 30

ఒరేయ్ చిన్నోడా,

నీ గొంతు పోయిన వారం ఆ వెల్డరు కాస్త సుఖపడి ఉంటాడు, పాపం. వేడి నీళ్లలో ఉప్పేసి పుక్కిలించు.

పొడుగుని అమ్మిన మాట నిజమే. నిన్న వచ్చి తన మేజోళ్లు తీసుకెళ్లాడు. "వెళ్లొస్తానక్కా" అంటూ రోజూ కొట్టుకునే ఆ గుమ్మానికే మళ్లీ తల కొట్టుకున్నాడు. నువ్వేమో అతన్ని గోలుపోస్టంటావు. బట్టలు చూసేదాన్ని నన్నడుగు. మ్యాచ్ అయ్యాక పొడుగు చొక్కా వీపు దగ్గర, భుజాల దగ్గర లాగేసి ఉంటుంది. ముగ్గుర్ని తనమీదికి లాక్కునేవాడు. ఆ సందులోంచే నీ బాణం దూరేవాడు. అమ్మాలంటే ఎడమ బ్యాకుని అమ్మొచ్చుగా! ఏడాది మొత్తం అతని నిక్కరుకి మట్టి అంటలేదు. ఉతక్కుండా మడతపెట్టి ఇచ్చినా ఎవరూ కనిపెట్టలేరు.

పొడుగు పోయాడు కాబట్టి ఇక మోయాల్సిందంతా బాణమే. ఒక్క మనిషిమీద అంత బరువు పెడతార్రా ఎవరైనా?

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సెలవుల్లో కూడా బాణం ఒక్కడే వచ్చి మైదానం చుట్టూ పరిగెత్తుతున్నాడు. ఆ తర్వాత నా లాండ్రీ గదిలోకొచ్చి, ఆరబెట్టే మిషన్ వెనక సబ్బు బస్తాల మీద కూర్చుంటున్నాడు. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ఎందుకయ్యా అంటే "ఇక్కడ వెచ్చగా ఉంటుందక్కా" అన్నాడు. ఈ ఎండాకాలంలో, మిషన్లు తిరుగుతుంటే, ఆ గదిలో నేనే నిలవలేను.

అతను వచ్చే ఏడు ఉండకపోవచ్చురా. అంతకుమించి రాయలేను. నీలోనే ఉంచుకో.

బావ కళ్లజోడు పెట్టుకున్నాడు. నన్ను చూసి "ఇన్నేళ్లూ ఈవిడతోనా ఉన్నది" అన్నాడు.

అక్క

జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం క్రేన్ ఎక్కే ముందు చదివాను. ఆ రోజు ఒక కంటైనర్ని పక్క లారీమీద దించాను. సూపర్‌వైజరు తిట్టిన తిట్లు చెవిన పడనేలేదు.

ఎవరు కొంటున్నారు? పొడుగుని కొన్నవాళ్లేనా? ముందు పొడుగు, తర్వాత బాణం, ఇద్దర్నీ కలిపి పట్టుకుపోవాలనేనా ప్లాను? క్లబ్బు ప్రెసిడెంటు మెడలో కొత్త కండువా, మొహాన నవ్వు పేపర్లో చూసినప్పుడే అనుకున్నాను. అందుకే ఆ అబ్బాయి నీ గదిలో దాక్కుంటున్నాడు, సంతకం పెట్టమని వెంటపడుతుంటారు. పాపం ఎంత నలిగిపోతున్నాడో.

నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు, ఒక్క వెల్డరుకి తప్ప. వాడు మంచివాడే, క్యాంటీనులో తప్ప ఎక్కడా నోరు విప్పడు. ఇప్పుడు ఈ పోర్టులో ఉన్న మన ఊరివాళ్లందరికీ తెలిసిపోయింది. ఆదివారం క్యాంటీనులో కూర్చున్నాం, అరవై మందిమి. తాళాలు బాగుచేసే తాత లేచి, "నేను ఈ ఊరొచ్చి ముప్ఫై ఏళ్లు. మన ఊరి పేరు ఇక్కడివాళ్ల నోట విన్నది ఆ కుర్రాడు గోల్స్ కొట్టాకే" అన్నాడు.

ఏదో ఒకటి చేస్తాం. నువ్వు దిగులుపడకు.

నీ తమ్ముడు

జూన్ 20

చిన్నోడా,

నీలోనే ఉంచుకోమంటే అరవై మందికి పంచావు. చిన్నప్పుడూ ఇంతే, నీ కడుపులో మాట నిలవదు.

నేను రాసింది అమ్మకం సంగతి కాదు. ఎవరూ కొనడం లేదు, ఎవరూ వెంటపడటం లేదు. అసలు సంగతేమిటో చెప్పనని బాణానికి మాటిచ్చాను. అతనే అడిగి మరీ ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు కాస్త నిదానంగా చదువు. ఆ అబ్బాయి అలిసిపోయాడు. నువ్వు రేడియోలో వినే మనిషి వేరు, నా ఎదురుగా సబ్బు బస్తామీద కూర్చునే మనిషి వేరు. మొన్న బట్టలు నానబెట్టే తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. వదలమంటే వదల్లేదు. వేళ్లు తెల్లగా అయిపోయాయి.

పోనిద్దాంరా అతన్ని. బాగా ఆడాడు, చాలు. ఇరవై ఆరేళ్లవాడు, ఇంకేదైనా పని చూసుకుని బతకలేడా? మీరందరూ కలిసి గొడవ చేయకండి. నామీద గౌరవముంటే ఆ క్యాంటీను మీటింగులు మానేయి.

ఇక్కడ కొత్త ఉతుకు మిషన్ వచ్చింది. ప్రెసిడెంటు తనే వచ్చి చూపించాడు. నీళ్లు పిండే పని తప్పింది, నా మణికట్టు నొప్పి కాస్త తగ్గింది.

అక్క

జూలై 2

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, నువ్వు చెప్పినట్టు నిదానంగానే.

"అలిసిపోయాడు." ఈ మాట నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట మన గోల్‌కీపరుని అమ్మినప్పుడు ప్రెసిడెంటు పేపర్లో అన్న మాట ఇదే. ఆ గోలీ ఇప్పటికీ ఆడుతున్నాడు, మనమీదే రెండు పెనాల్టీలు ఆపాడు. ఇప్పుడు అదే మాట నీ చేత రాయించారు. అదే నెలలో కొత్త మిషన్ కూడా వచ్చింది. నేనేమీ అనడం లేదు. నీకు తెలియకుండానే నిన్ను మాటల్లో పెట్టి ఉంటారు. కానీ బాణాన్ని "పోనిద్దాం" అనడానికి నీకు మనసెలా వచ్చిందక్కా?

అందుకే నేను చేయాల్సింది నేను చేశాను. పోర్టులో, రైల్వేలో, సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్న మనవాళ్ల దగ్గర పదమూడు వందల నలభై సంతకాలు తీసుకుని, పేపరుకి ఉత్తరం రాశాను. ప్రెసిడెంటుకి కాదు, బాణానికే. అచ్చయింది. కత్తిరించి దీంతో పంపుతున్నాను. అందులో ఒక ముక్క మాత్రం ఇక్కడ రాస్తాను, మిగతాది నువ్వే చదువు:

"నువ్వు పరిగెత్తే తొంభై నిమిషాలూ మేము ఈ ఊళ్లలో పరాయివాళ్లం కాము. మా గదుల్లో రేడియో చుట్టూ చేరిన ప్రతివాడూ నీ వెనకే పరిగెత్తుతాడు. నీకు అలుపొస్తే మమ్మల్ని తలుచుకో. ఎక్కడికీ వెళ్లకు. ఒక్క ఏడు. మా కోసం."

వేరే టీమువాడైనా వెల్డరు కూడా సంతకం పెట్టాడు. చదివి కళ్లు తుడుచుకున్నాడు.

నీ తమ్ముడు

జూలై 15

చిన్నోడా,

మిషన్ గురించి నువ్వన్న మాట తర్వాత తేల్చుకుందాం. ఇప్పుడు దానికి టైము లేదు. ఇది ఫోనులో చెప్పగలిగితే చెప్పేదాన్ని, కానీ క్లబ్బు ఫోను ప్రెసిడెంటు బల్లమీద ఉంటుంది. అందుకే రాస్తున్నాను. ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఆ పాపం నాదే.

బాణం గుండె బాగోలేదు.

వేరే ఊళ్లో డాక్టరుకి చూపించుకున్నాడు, పేరు మార్చి. పరుగు ఎక్కువైతే గుండె లయ తప్పుతుందట, ఎప్పుడో ఒకసారి మళ్లీ దారికి రాకపోవచ్చట. ఆట మానేయమన్నాడు. నాకెలా తెలుసంటావా, ట్రాక్‌సూటు జేబులో డాక్టరు చీటీ దొరికింది. ఉతికే ముందు జేబులు చూడటం నా పని. నేను చీటీ చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడే అతను వచ్చాడు. "ఎవరికీ చెప్పొద్దక్కా, ముఖ్యంగా మా అమ్మకి. ఆవిడకి తెలిస్తే ఆపేస్తుంది. ఆవిడ మాట నేను దాటలేను" అన్నాడు. వాళ్లమ్మ రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. ఒక్క కొడుకు.

అయినా జూన్‌లో మానేద్దామనే తేల్చుకున్నాడు. కోచ్‌తో "కాలు నొప్పి, ఈ ఏడు ఆడలేను" అని చెప్పేశాడు. కోచ్ సరేనన్నాడు కూడా. అప్పుడు నీ ఉత్తరం అచ్చయింది. ప్రెసిడెంటు దాన్ని పెద్దది చేయించి నడవాలో అంటించాడు. గేటు దగ్గర రోజూ జనం, అతని కారు ఆపి చేతులు పట్టుకుంటున్నారు.

నిన్న నా గదిలో కూర్చుని పేపరు ముక్క చదివాడు. "ఇది రాసింది మీ తమ్ముడేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇంత ప్రేమగా అడిగితే కాదని ఎలా అంటానక్కా. ఒక్క ఏడేగా" అన్నాడు.

నీ మాట వింటాడురా. ఈ ఉత్తరం అందిన రోజే పేపరుకి ఇంకోటి రాయి. ఏ కారణమైనా రాయి. "కాలు నయం చేసుకో, మేం ఎదురుచూస్తాం" అని రాయి. గుండె మాట మాత్రం బయటపెట్టకు. ఆగస్టు మూడున మొదటి మ్యాచ్.

అక్క

ఆగస్టు 4

అక్కా,

విన్నావా! నువ్వు అక్కడే ఉన్నావు, వినడమేంటి, చూసే ఉంటావు. రెండు గోల్స్! రెండోదానికి కామెంటేటరు పిచ్చెక్కినట్టు అరిచాడు. సగం మైదానం ఒక్కడే బంతి తీసుకెళ్లాడట కదా. అలిసిపోయినవాడు చేసే పనేనా అది?

నిజం చెబుతున్నా, నీ జూలై ఉత్తరం నేను విప్పలేదు. కవరు చూస్తేనే కోపం వచ్చింది. మిషన్ మాట అన్నందుకు తిట్టి ఉంటావు, లేదా మళ్లీ "పోనిద్దాం" అని రాసి ఉంటావు. రెండూ చదివే ఓపిక లేక దిండు కింద పెట్టేశాను. మొదటి మ్యాచ్ అయ్యాక చదువుదామనుకున్నాను. ఇప్పుడు గెలిచిన సంతోషంలో ఉన్నాను, రెండోది కూడా కానీ. అప్పుడు నువ్వెంత తిట్టినా నవ్వుతూ చదువుతాను.

మిషన్ గురించి అన్నది తప్పే. క్షమించు.

తర్వాతి మ్యాచ్ పదిహేడున. క్యాంటీనువాడు రేడియోకి కొత్త స్పీకరు తెప్పిస్తున్నాడు.

నీ తమ్ముడు

ఆగస్టు 10

చిన్నోడా,

ఆ ఉత్తరం విప్పు. ఇది చదవడం ఆపి అది విప్పు.

మొదటి మ్యాచ్ తర్వాత బాణం తన చొక్కా నాకు ఇవ్వలేదు. ఒంటిమీద ఉన్నదాన్ని విప్పే ఓపిక లేక సబ్బు బస్తాల మీద అలాగే పడుకున్నాడు. బయట జనం అతని పేరు పెట్టి అరుస్తున్నారు. "తలుపు వేసెయ్ అక్కా" అన్నాడు.

అక్క

ఆగస్టు 18

అక్కా,

నీ చిన్న ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అప్పటికి నేను క్రేన్ మీద ఉన్నాను. షిఫ్టు దిగాక హాస్టలు వార్డెను చేతికిచ్చాడు. చదివి గదికి పరిగెత్తి దిండు కింద ఉన్న కవరు చించాను. కింద క్యాంటీనులో మ్యాచ్ మొదలైపోయింది, కొత్త స్పీకరు మెట్లదాకా వినిపిస్తోంది.

"గుండె బాగోలేదు" అన్న చోట నాకు ఏమీ అర్థం కాలేదు. మళ్లీ చదివాను. అప్పుడు వార్డెను గదికి వెళ్లి క్లబ్బుకి ఫోను చేశాను. ఏం చెబుతానో నాకే తెలీదు. మ్యాచ్ ఆపమంటానా? ఎవరు ఆపుతారు? మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. అందరూ మైదానంలో ఉంటారు కదా. నాలుగోసారి చేస్తుంటే కింద క్యాంటీను ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గోలు పడితే అరుస్తారు, ఎదుటివాళ్లు వేస్తే తిడతారు. ఇది రెండూ కాదు.

నేను దిగేసరికి కామెంటేటరు మాట్లాడటం లేదు. జనం గోల మాత్రం వస్తోంది. వెల్డరు నా మొహం చూసి, "పడిపోయాడట. ఎవరూ తగల్లేదట. ఉట్టినే పడిపోయాడట" అన్నాడు.

తర్వాత రేడియోవాళ్లు పాటలు వేశారు. అరవై మందిమి ఆ పాటలన్నీ విన్నాం.

నాకు రాయి. ఏదైనా రాయి. తిట్టైనా రాయి.

నీ తమ్ముడు

ఆగస్టు 27

చిన్నోడా,

పేపర్లో చూసే ఉంటావు. ఆసుపత్రికి చేరకముందే పోయాడు. టీము బస్సులోనే తీసుకెళ్లారు. తోలింది మీ బావే. ఆ రోజు నుంచి బావ బస్సెక్కలేదు. తాళాలు బల్లమీదే ఉన్నాయి.

నిన్ను తిట్టను. తిట్టాలంటే ముందు నన్ను తిట్టుకోవాలి. నేను మే నెలలోనే వాళ్లమ్మ దగ్గరికి వెళ్లుంటే అయిపోయేది. రొట్టెల బట్టీ ఇక్కడికి రెండు వీధుల అవతల. మాటిచ్చాను, మాటిచ్చాను అనుకుంటూ ఆ రెండు వీధులూ నడవలేదు. నీకేమో సగం సగం రాశాను. నువ్వు ఆ సగాన్ని నీకు కావలసినట్టు పూరించుకున్నావు.

గేటు దగ్గర పూలు గుట్టగా పడి ఉన్నాయి. దాని పక్కనే నిలబడి క్లబ్బువాళ్లు ఇక ఎవరిని కొనాలా అని మాట్లాడుకుంటున్నారు. పొడుగుని వెనక్కి తెస్తారట. మనసొప్పక కిటికీ మూసేశాను.

నిన్న వాళ్లమ్మ అతని సామాన్లు తీసుకెళ్లడానికి నా గదికి వచ్చింది. చేతులమీద అన్నీ కాలిన మచ్చలు. ఒక్కో బట్టా తీసి, మడత సరిచేసి, సంచిలో పెట్టుకుంది. ఆమెకి గుండె జబ్బు సంగతి తెలీదు. డాక్టర్లు ఏదో చెప్పారట, చెవికెక్కలేదట. అతని పర్సులో నీ పేపరు ముక్క దొరికిందట. "మావాడి గురించి ఇంత బాగా ఎవరూ రాయలేదమ్మా. ఇది రాసినాయన్ని ఒకసారి చూడాలి. దండం పెట్టుకోవాలి" అంది.

నేను చెప్పలేకపోయాను. అడ్రసు అడిగితే ఇచ్చాను. సెప్టెంబరు ఏడున నీ దగ్గరికి వస్తుంది.

ఏం చెబుతావో నీ ఇష్టం. దాచమని మాత్రం నేను చెప్పను.

అక్క

సెప్టెంబరు 8

అక్కా,

నిన్న బాణం వాళ్లమ్మ వచ్చింది. రొట్టెలు తెచ్చింది, హాస్టలు మొత్తానికి సరిపడా. నా మంచంమీద కూర్చోబెట్టాను. వెల్డరు తన కుర్చీ ఇచ్చి బయటికి వెళ్లిపోయాడు.

ఆమె ఒక్క మ్యాచ్ కూడా చూడలేదట అక్కా. దెబ్బ తగిలి పడితే చూడలేనని ఎప్పుడూ మైదానానికి రాలేదట. "మావాడు ఎలా ఆడేవాడు బాబూ?" అని అడిగింది. చెప్పాను. ఇరవై ఆరు గోల్స్‌లో గుర్తున్నవన్నీ చెప్పాను, ఈ ఏడు వేసిన రెండూ చెప్పాను. బంతి ఎటునుంచి వచ్చింది, ఏ కాలితో కొట్టాడు, అన్నీ. నేను కూడా ఒక్కటీ కళ్లతో చూడలేదు, అన్నీ రేడియోలో విన్నవే. ఆమె మధ్యమధ్యలో "ఎడంకాలితోనా? అన్నం కూడా ఎడం చేత్తోనే తినేవాడు" అనేది. గంటపైనే గడిచింది. నవ్వింది కూడా.

లేచి దండం పెట్టబోయింది. ఆ చేతులు పట్టుకుని ఆపి, చెప్పేశాను. డాక్టరు చీటీ, మానేద్దామనుకోవడం, నా ఉత్తరం, నేను విప్పకుండా దిండు కింద పెట్టిన నీ ఉత్తరం, అన్నీ. ఏడవలేదు. తిట్టలేదు. పేపరు ముక్క పర్సులోంచి తీసి నా బల్లమీద పెట్టింది. అంతే, వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ఒకటే అడిగింది. "బట్టలుతికే ఆవిడకి తెలుసా? మేలోనే తెలుసా?"

అవునన్నాను.

"నాకు చెబితే ఆపేసేదాన్ని కదా" అంది.

బాణం చెప్పొద్దన్నది అందుకేనని నాకు తెలుసు, నువ్వే రాశావు. కానీ ఆ మాట ఆమెకి చెప్పలేదు. అది కొడుకు తల్లి గురించి నీతో అన్న మాట, చెబితే నువ్వే చెప్పాలనిపించింది.

బస్సు స్టాండుదాకా వెళ్లాను. టికెట్టు తీసుకునేటప్పుడు ఇంటి స్టాపు కాదు, క్లబ్బు ఎదుటి స్టాపు అడిగింది. నేను విన్నాను. ఈ ఉత్తరం నీకు అందేలోపే ఆమె నీ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆలస్యమైందని తెలిసీ రాస్తున్నాను, రాయకుండా ఉండలేక.

నేను సెలవు పెట్టాను. రేపటి బండికి వస్తున్నాను. ఆమె నిన్ను ఏమడిగినా, ఈసారి సగం చెప్పకు అక్కా.

నీ తమ్ముడు